సీసీఎస్ కండక్ట్ రూల్స్, 1964: ఇల్లు కొనే ముందు, షేర్లు అమ్మే ముందు చదవాల్సినవి

కేంద్ర ప్రభుత్వ కొలువులో చేరిన దాదాపు ప్రతి ఒక్కరూ ఈ నియమాలకు కట్టుబడి ఉంటామని సంతకం పెట్టినట్టే లెక్క. మొదటి నుంచి చివరి దాకా చదివినవాళ్లు మాత్రం తక్కువ. సెంట్రల్ సివిల్ సర్వీసెస్ (కండక్ట్) రూల్స్, 1964 అని పూర్తి పేరు. మొత్తం 25 నియమాలు, మధ్యలో తర్వాత చేర్చిన 3ఏ, 13ఏ లాంటివి కొన్ని. రైల్వే ఉద్యోగులకు, ఐఏఎస్, ఐపీఎస్ లాంటి అఖిల భారత సర్వీసులకు ఇవి వర్తించవు, వాళ్లకు వేరే నియమాలున్నాయి. తప్పు చేస్తే ఏ శిక్ష వేయాలో కూడా ఇందులో ఉండదు, అది 1965 నాటి సీసీఏ (వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) రూల్స్ పని. ఇక్కడ చూస్తున్నది ఒక్కటే: రేపు ఫ్లాట్ కొనబోతున్న ఉద్యోగి, బావమరిది కంపెనీ ఫైలు తన టేబుల్ మీదికి వచ్చిన ఉద్యోగి వీటిని తెరిస్తే ఏం చేయాలో తెలుస్తుందా?

ఆస్తుల విషయంలో చాలావరకు తెలుస్తుంది. పై అధికారి నోటిమాట ఆదేశాల విషయంలో అద్భుతంగా తెలుస్తుంది. స్వప్రయోజనం, విధి ఒకదానికొకటి అడ్డుపడే చోట సగమే తెలుస్తుంది. సోషల్ మీడియా విషయంలో దాదాపు ఏమీ తెలియదు. మొత్తం మీద ఐదుకి మూడున్నర.

ఈ నియమాలు చదవడానికి ముందు మూడు మాటల తేడా పట్టుకోవాలి. ఉద్యోగుల సర్వీసు వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లలో ఎక్కువ ఫైళ్లు చిక్కుకునేది ఇక్కడే. ఒకటి, పని అయ్యాక నెలలోపు తెలియజేయడం. రెండు, పని చేయడానికి ముందే తెలియజేయడం, అంటే ముందస్తు ఇంటిమేషన్. మూడు, ముందే అనుమతి తెచ్చుకోవడం, అంటే శాంక్షన్. చర ఆస్తికి మామూలుగా మొదటిది చాలు. స్థిరాస్తికి రెండోది కావాలి. అవతలి మనిషికీ మీకూ అధికారిక లావాదేవీలు ఉంటే రెండింటికీ మూడోదే. కారు కొన్నాక నెలలోపు చెబితే సరిపోయే ఉద్యోగి, అదే కారును తన ఆఫీసుకు వాహనాలు సరఫరా చేసే కాంట్రాక్టర్ దగ్గర కొంటే ముందే అనుమతి లేకుండా కొనకూడదు. కారు అదే, ధర అదే, మారింది అవతలి మనిషి. ఈ ఒక్క మెలిక అర్థమైతే 18వ నియమం సగం అర్థమైనట్టే.

ఆ 18వ నియమాన్ని ఫ్లాట్ కొనుగోలు మీద పెట్టి చూద్దాం. ఫ్లాట్ మీ పేరున కొన్నా, కుటుంబ సభ్యుల పేరున కొన్నా ముందు చెప్పాలి. నియమాలకు జతచేసిన ఫారం ఒకటి ఉంది. అందులో కొనడమా అమ్మడమా, ఏ తేదీకి జరగవచ్చు, కొనుగోలా దానమా, మున్సిపల్ నంబరుతో సహా ఆస్తి ఎక్కడుంది, మొత్తం మీదేనా వాటానా, ధర ఎంత అని అడుగుతారు. తర్వాత డబ్బు ఎక్కడిది అనే గడి వస్తుంది. చాలామంది అక్కడ 'సొంత పొదుపు, బ్యాంకు లోను' అని రెండు మాటలు రాసి వదిలేస్తారు. ఫైలు వెనక్కి వచ్చేది దీనివల్లే. పొదుపులో ఎంత, జీపీఎఫ్ (భవిష్యనిధి) నుంచి ఎంత, ఏ బ్యాంకు ఎంత లోను ఇస్తోంది, మామగారు ఇచ్చింది ఎంత అని విడివిడిగా రాసి, కూడితే ధరతో సరిపోవాలి. మామగారి సొమ్ము బహుమతి అయితే 13వ నియమం తగులుకుంటుంది, అప్పు అయితే 16వ నియమం చూడాలి. కాబట్టి అదేమిటో ఇక్కడే స్పష్టంగా చెప్పడం మంచిది.

ఫారంలో అన్నింటికంటే బరువైన ప్రశ్న అమ్మేవాళ్ల గురించి ఉంటుంది. వాళ్లు మీ బంధువులా, వాళ్లతో అధికార హోదాలో మీకు ఎప్పుడైనా వ్యవహారం నడిచిందా, దగ్గరి భవిష్యత్తులో నడిచే అవకాశం ఉందా అని అడుగుతుంది. 'ఎప్పుడైనా' అన్న మాటను చూసీ చూడనట్టు దాటేయకండి. ఇప్పుడున్న సీటునే గుర్తుపెట్టుకుని 'లేదు' అని రాసి, మూడేళ్ల కిందటి సీటులో అదే బిల్డర్ ఫైలు మీద సంతకం పెట్టిన సంగతి మరిచిపోతే, తర్వాత అది పొరపాటులా కాక దాచినట్టు కనిపిస్తుంది. ఫారం నింపే ముందు పాత పోస్టింగులన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటి చూసుకుంటే ఈ ఇబ్బంది రాదు. ఈ లావాదేవీ ఎలా కుదిరిందో కూడా అడుగుతారు: ప్రకటన చూసి వెళ్లారా, స్నేహితులు చూపించారా, ప్రభుత్వ సంస్థ కేటాయించిందా. ఉన్నదున్నట్టు రాస్తే చాలు.

ఇక ఎప్పుడు ఇవ్వాలి అన్న ప్రశ్న. రిజిస్ట్రేషన్ ముందు రోజు ఇచ్చినా ముందే ఇచ్చినట్టే కదా అని వాదించేవాళ్లున్నారు. అడ్వాన్సు కట్టి అగ్రిమెంటు రాసుకున్నాక ఇచ్చే కాగితం 'ముందస్తు' అనిపించుకుంటుందా అన్న చిక్కు ఎందుకు? అగ్రిమెంటు కన్నా ముందే ఇచ్చేయండి. ధర తర్వాత మారితే ఇంకో కాగితం పెట్టవచ్చు. అమ్మేటప్పుడు ఫారం ఇంకో ప్రశ్న వేస్తుంది: ఈ ఆస్తి కొన్నప్పుడు తెలియజేశారా? పాత లోపం పదిహేనేళ్ల తర్వాత బయటపడేది ఇలాగే.

భార్య సొంత జీతంతో భార్య పేరున కొంటే? నియమం మూలపాఠం మాత్రమే చదివినవాళ్లకు 'కుటుంబ సభ్యుల పేరున' అన్న మాట చూసి ఇదీ చెప్పాలనిపిస్తుంది. కుటుంబ సభ్యులు తమ సొంత సొమ్ముతో, అంటే సొంత సంపాదన, స్త్రీధనం, వారసత్వంగా వచ్చిన డబ్బుతో చేసుకునే లావాదేవీలకు ఈ ఉపనియమాలు వర్తించవని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. కానీ ఆ వివరణ దాని కింద ఇచ్చిన నిర్ణయాల్లో ఉంది, మూలంలో లేదు. ఈ నియమాలకున్న పెద్ద లోపం ఇదే. ప్రశ్న ఒకచోట, జవాబు ఇంకోచోట. సిబ్బంది, శిక్షణ విభాగం దశాబ్దాలుగా ఇస్తూ వచ్చిన ఆఫీస్ మెమొరాండాలు, మన భాషలో ఓఎంలు, పక్కన లేకుండా మూలం ఒక్కటే చదివితే దారి తప్పడం ఖాయం.

చర ఆస్తి పరిమితిని 2011లో మార్చిన తీరు మాత్రం మెచ్చుకోదగ్గది. అంతకుముందు పరిమితి రూపాయల్లో ఉండేది, ధరలు పెరిగేకొద్దీ అర్థం లేకుండా పోయేది. ఇప్పుడు రెండు నెలల మూలవేతనం. అంతకంటే విలువైన లావాదేవీ జరిగితే నెలలోపు తెలియజేయాలి. ఏడో వేతన సంఘం లెక్కలో లెవెల్ 7 మొదటి మెట్టు మూలవేతనం 44,900. రెండింతలు 89,800. కొత్త బండి 95,000 అయితే చెప్పాలి, 85,000 అయితే అక్కర్లేదు. లెవెల్ 1లో 18,000తో మొదలైన ఉద్యోగికి గీత 36,000 దగ్గరే. అతను కొనే ఫ్రిజ్ కూడా దాటేయవచ్చు. డీఏ (కరువు భత్యం) కలపకూడదు, మూలవేతనమే లెక్క. పొరపాటు ఎక్కువగా జరిగేది అప్పుల దగ్గర. ఇచ్చినా, తీసుకున్నా అప్పు కూడా చర ఆస్తి కిందే వస్తుంది. తమ్ముడికి చేబదులు ఇచ్చి 'ఇదేం ఆస్తి' అనుకుంటారు. ఏడాదికి కట్టే ప్రీమియం రెండు నెలల మూలవేతనం దాటితే బీమా పాలసీ కూడా ఇందులోకే వస్తుంది. వాహనాల జాబితాలో గుర్రాలు, వస్తువుల జాబితాలో రేడియోగ్రాములు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. పరిమితిని సరిచేసినవాళ్లు ఆ వాక్యం దగ్గర కూడా ఆగి ఉంటే, నేటి ఉద్యోగి కొనే వస్తువుల పేర్లు అందులో కనిపించేవి.

షేర్లు, మ్యూచువల్ ఫండ్ల విషయంలో 2019 ఫిబ్రవరి నాటి ఓఎం తప్పనిసరిగా చదవాలి. క్యాలెండర్ సంవత్సరంలో మొత్తం లావాదేవీలు ఆరు నెలల మూలవేతనం దాటితే, మరుసటి జనవరి 31లోగా నిర్ణీత ఫారంలో తెలియజేయాలి. మళ్లీ 44,900 తీసుకుంటే ఆరింతలు 2,69,400. నెలకు 20,000 సిప్ వేస్తే ఏడాదికి 2,40,000, గీత దాటలేదు. కానీ అదే ఏడాది 50,000 విలువైన యూనిట్లు అమ్మితే మొత్తం 2,90,000, దాటినట్టే. కొన్నవీ అమ్మినవీ కలిపి చూడాలన్న సంగతి తట్టక, 'నికరంగా పెట్టింది అంతే కదా' అని వదిలేసేవాళ్లు ఎందరో. ఇది 18వ నియమం కింద విడిగా చెప్పాల్సిన దానికి బదులు కాదు. ఒక్క లావాదేవీయే రెండు నెలల మూలవేతనం దాటితే నెలలోపు ఆ కాగితం వేరేగా ఇవ్వాల్సిందే. ఆర్థిక సంవత్సరం అనుకుని ఏప్రిల్ నుంచి లెక్కేయడం ఇంకో పొరపాటు, ఇక్కడ జనవరి నుంచి డిసెంబరు. బ్రోకర్ ఇచ్చే పన్ను స్టేట్‌మెంటు ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఉంటుంది కాబట్టి, తేదీలు విడిగా పెట్టి లావాదేవీల పట్టీ దించుకోవాలి. ఇక 16వ నియమం స్పెక్యులేషన్‌ను నిషేధించి, తరచుగా కొనడం అమ్మడం కూడా స్పెక్యులేషనే అంటుంది. తరచుగా అంటే ఎన్నిసార్లో చెప్పదు. రోజువారీ ట్రేడింగ్ చేసేవాళ్లు ఫారం ఇస్తున్నాం కదా అని ధైర్యంగా ఉండటానికి వీల్లేదు, ఫారం ఆ తప్పును ఒప్పు చేయదు.

బహుమతుల నియమం బాగానే ఉంది. అప్పుడప్పుడూ చేసే భోజనం, దారిలో ఇచ్చే లిఫ్ట్ బహుమతి కావని, అధికారిక లావాదేవీలున్నవాళ్ల నుంచి ఆడంబరమైన ఆతిథ్యం, తరచుగా ఆతిథ్యం వద్దని స్పష్టంగా చెబుతుంది. పెళ్లిళ్లు, కర్మకాండలు, పండగ కార్యాల్లో ఆచారం ప్రకారం దగ్గరి బంధువులు ఇచ్చేవి తీసుకోవచ్చు, పరిమితి దాటితే తెలియజేయాలి. స్నేహితుల విషయంలో మీతో అధికారిక లావాదేవీలు లేనివాళ్లయి ఉండాలన్న షరతు ఉంది. పరిమితులు ఉద్యోగి గ్రూపును (ఏ, బీ, సీ) బట్టి వేరు, మధ్యమధ్య మారుతుంటాయి కాబట్టి పాత ముద్రణ చూసి రాయకండి. 13ఏ నియమం కట్నం ఇవ్వడాన్ని, తీసుకోవడాన్ని, అడగడాన్ని కూడా నిషేధిస్తుంది.

ఈ నియమావళిలో మూడో నియమంలోని రెండో భాగం అన్నింటికంటే విలువైనది. పై అధికారి ఆదేశం మామూలుగా రాతపూర్వకంగా ఉండాలి. నోటిమాట ఆదేశాలు వీలైనంత వరకు మానుకోవాలి. తప్పనిసరై నోటితో చెబితే, వెంటనే కాగితం మీద ధ్రువీకరించాలి. ఆదేశం అందుకున్న కింది ఉద్యోగి వీలైనంత త్వరగా రాతలో ధ్రువీకరణ అడగాలి, అడిగితే ఇవ్వడం పై అధికారి విధి. అడగడం అవిధేయత కాదని, అడగడమే విధి అని నియమమే చెబుతోంది. 2013లో టీ.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు కూడా సివిల్ సర్వెంట్లు నోటిమాట ఆదేశాల మీద పనిచేయకూడదని, వాటిని రికార్డు చేయాలని చెప్పింది.

దీన్ని వాడే పద్ధతి తెలియాలి. 'మీరు రాసి ఇస్తేనే చేస్తాను' అని భీష్మించుకుంటే పని ఆగుతుంది, సంబంధమూ చెడుతుంది. ఫైలులోనే నోట్ పెట్టండి: 'ఈ రోజు ఉదయం 11 గంటలకు ఫోన్‌లో ఇచ్చిన ఆదేశం మేరకు ఫలానా టెండరు గడువును మూడు రోజులు పొడిగిస్తూ ఉత్తర్వు ముసాయిదా జతచేయడమైనది. ధ్రువీకరణ కోసం సమర్పించడమైనది.' సమయం, మాధ్యమం, ఆదేశ సారాంశం, చేసిన పని, కోరుతున్నది అన్నీ అందులో వచ్చేశాయి. అభిప్రాయం, ఫిర్యాదు అందులో ఉండకూడదు. ఈ-ఆఫీస్‌లో అయితే తేదీ, సమయం తనంతట అవే పడతాయి. దీనికి హద్దు కూడా ఉంది. మీ అధికార పరిధిలోనే తేల్చగలిగిన విషయానికి పై నుంచి ఆదేశం కోరుతూ బాధ్యత తప్పించుకోకూడదని అదే నియమం హెచ్చరిస్తుంది.

2014లో ఇదే మూడో నియమంలో చాలా క్లాజులు చేర్చారు: రాజకీయ తటస్థత, బలహీన వర్గాల పట్ల స్పందన, ప్రజాహితం కోసమే నిర్ణయాలు, విధికి సంబంధించిన సొంత ప్రయోజనాలుంటే వెల్లడించి సంఘర్షణను పరిష్కరించుకోవడం. మాటలు మంచివి. కానీ ఎలా వెల్లడించాలి? స్థిరాస్తికి ఒక ఫారం, చర ఆస్తికి ఒక ఫారం జతచేసిన నియమావళి దీనికి ఫారం ఇవ్వలేదు. ఉద్యోగిని నిజంగా ఇరకాటంలో పెట్టే పరిస్థితి ఇదే కదా! నాలుగో నియమం కొంత ఆదుకుంటుంది. కుటుంబ సభ్యుడు పనిచేసే కంపెనీకి సంబంధించిన విషయం మీ దగ్గరికి వస్తే మీరు తేల్చకూడదు, పై అధికారికి పంపాలి. బావమరిది 'కుటుంబం' నిర్వచనంలోకి రాకపోయినా ఇదే దారి పట్టండి. రెండు వాక్యాల నోట్ రాసి ఫైలు పైకి పంపితే ఎవరూ తప్పుపట్టలేరు.

అదనపు సంపాదన గురించి 15వ నియమం. అప్పుడప్పుడూ చేసే సాహిత్య, కళా, శాస్త్ర సంబంధ పనికి ముందస్తు అనుమతి అక్కర్లేదు, విధులకు అడ్డం రాకూడదు. వ్యాపారానికి అనుమతి కావాలి. భార్య పేరున ఉన్న బీమా ఏజెన్సీకి భర్త ఆఫీసులో పాలసీలు కట్టించడం నేరుగా ఉల్లంఘనే. ఏజెన్సీ ఉండటం తప్పు కాదు, కానీ ఉందని తెలియజేయాలి. ఈ రెండో సగం చాలామందికి తెలియదు. నెలనెలా ప్రకటనల డబ్బు వచ్చే వీడియో చానల్ అప్పుడప్పుడూ చేసే కళాకృషా, వ్యాపారమా? నియమంలో జవాబు లేదు. డబ్బు క్రమంగా వస్తుంటే అనుమతి అడగడమే క్షేమం.

రాజకీయాల మీద అయిదో నియమం పాతకాలపుదైనా స్పష్టంగా ఉంది. ఓటు వేయవచ్చు, ఎవరికి వేస్తున్నారో వేశారో చెప్పకూడదు. ఒంటి మీద, వాహనం మీద, ఇంటి మీద ఎన్నికల గుర్తు ప్రదర్శించినా పలుకుబడి వాడినట్టే. మరి వాట్సాప్ డీపీలో పెడితే? ఒంటి మీదా కాదు, ఇంటి మీదా కాదు. ప్రభుత్వ విధానాన్ని విమర్శించకూడదనే తొమ్మిదో నియమం పత్రికలు, రేడియో, ఎలక్ట్రానిక్ మీడియా, బహిరంగ ప్రసంగాల దగ్గర ఆగింది. యూనియన్ వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ చేసిన కార్టూన్ బహిరంగమా, ఆంతరంగికమా అన్నది ఒక్కో ఆఫీసు ఒక్కోలా తేలుస్తుంది. నియమం తేల్చకుండా వదిలేసిన చోట ఉద్యోగి భయంతో మౌనంగా ఉండిపోతాడు, లేదా ఛార్జి మెమో వచ్చాక నేర్చుకుంటాడు. రెండూ అన్యాయమే. దీనికి ఒక పేజీ వివరణ, పది ఉదాహరణలు చాలు. 'ప్రభుత్వోద్యోగికి తగని పని' అన్న మూడో నియమంలోని మాటకు కూడా ఉదాహరణలు కావాలి. ఎక్కడా ఇమడని ఆరోపణను దాని కింద పెట్టే అలవాటు ఉండటం వల్ల ఇది మరీ అవసరం.

వీటిలో వెతికినా దొరకనివి రెండు చెప్పాలి. రిటైరయ్యాక ఏడాదిలోపు ప్రైవేటు కంపెనీలో చేరాలంటే గ్రూప్ ఏ అధికారికి ముందస్తు అనుమతి కావాలి. అది పెన్షన్ రూల్స్‌లో ఉంటుంది. ఆఫీసులో అవినీతి చూసినప్పుడు ఏం చేయాలో కూడా ఇక్కడ లేదు. పత్రికకెక్కితే తొమ్మిదో నియమం, అధికారిక సమాచారం బయటపెట్టడం మీద ఉన్న పదకొండో నియమం అడ్డొస్తాయి. దారి 2004 నాటి పిడ్పి (ప్రజాహిత వెల్లడి, సమాచారం ఇచ్చినవాళ్ల రక్షణ) తీర్మానంలో ఉంది. ఫిర్యాదును కేంద్ర విజిలెన్స్ కమిషన్ కార్యదర్శికి సీలు వేసిన కవరులో పంపాలి. కవరు మీద ఇది ప్రజాహిత వెల్లడి కింద ఫిర్యాదు అని రాయాలి, పంపేవాళ్ల పేరు, చిరునామా రాయకూడదు. అవి లోపలి ఉత్తరంలో ఉండాలి. పేరు లేని ఫిర్యాదును ఈ పద్ధతిలో తీసుకోరు. కవరు మీద పేరు రాసేస్తే గోప్యత తపాలా దగ్గరే పోతుంది.

రాష్ట్ర ఉద్యోగులు ఈ సమీక్షను నేరుగా తమకు అన్వయించుకోవద్దు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వర్తించేది 1964 నాటి రాష్ట్ర సివిల్ సర్వీసెస్ కండక్ట్ రూల్స్. నడక ఒకటే, కానీ నియమాల సంఖ్యలు, పరిమితులు వేరు. ఆస్తుల నియమం అక్కడ తొమ్మిదోది, వార్షిక ప్రకటన గడువు జనవరి 15. కేంద్రంలో గ్రూప్ ఏ, బీ ఉద్యోగుల స్థిరాస్తి రిటర్న్‌కు జనవరి 31. గడువు దాటితే విజిలెన్స్ క్లియరెన్స్, అంటే మీ మీద అభ్యంతరాలేమీ లేవన్న ధ్రువీకరణ, ఆగుతుంది, డెప్యుటేషన్ లాంటివి అక్కడే నిలిచిపోతాయి. కొత్త ఆస్తి ఏమీ లేదని రిటర్న్ వేయకుండా ఉండకూడదు, మార్పు లేకపోతే మార్పు లేదని వేయాలి. పాత రిటర్న్‌లో సర్వే నంబరు ఒకలా, ఈసారి ఇంకోలా పడితే అదే ఆస్తి రెండు ఆస్తుల్లా కనిపిస్తుంది. నింపే ముందు నిరుటి ప్రతి పక్కన పెట్టుకోండి, వేశాక అక్నాలెడ్జ్‌మెంట్‌ను దానికి పిన్ను కొట్టి ఉంచండి. ఆఫీసు మారినప్పుడు సర్వీసు పుస్తకం వెంట వస్తుంది, పాత సెక్షన్‌లో ఇచ్చిన ఇంటిమేషన్ కాగితం రాకపోవచ్చు.